ఎడమ వైపు కూర్చోండి

పద్నాలుగేళ్ళుగా ఆ దీవికి జనాన్ని పంపుతున్న మనిషి, తను మాత్రం ఆ దీవిని ఒక్కసారి కూడా చూడలేదంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. నమ్మరనే ధైర్యంతోనే కౌంటరమ్మ ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

బస్టాండు ఎదురుగా ఉన్న టూరు ఆఫీసులో, అద్దం కిటికీ వెనకాల ఆమె కుర్చీ. అద్దానికి అరచేయంత కన్నం. ఆ కన్నంలోంచే ఆమె మాట బయటికొస్తుంది, టికెట్టూ బయటికొస్తుంది. వీధి వీధంతా ఆమెని కౌంటరమ్మ అనే పిలుస్తుంది. అసలు పేరుతో పిలిచేది పోస్టుమాన్ ఒక్కడే, అదీ కవరు మీద రాసి ఉంటుంది కాబట్టి.

దీవి అన్నానని పడవలు, ఓడలు అనుకోకండి. రోడ్డుంది. ఊరి నుంచి అరవై నాలుగు కిలోమీటర్లు, చివర్లో సముద్రం మీద పొడుగాటి వంతెన. పొద్దున ఆరున్నరకి కారు మీ గుమ్మం ముందుకొస్తుంది, నడిపేవాడే గైడు, దారి పొడుగునా అన్నీ చూపిస్తాడు, సాయంత్రం ఆరింటికల్లా మళ్ళీ ఇంట్లో దింపుతాడు. ఈ నాలుగు ముక్కలూ ఎవరైనా చెప్తారు. కౌంటరమ్మ చెప్పే తీరే వేరు.

"ఎడమ వైపు కూర్చోండి," అనేది. "ముందు సముద్రం కనపడదు, వాసనొస్తుంది. అప్పుడు కిటికీ అద్దం దించండి. కాసేపటికి ఎడమ పక్కన నీళ్ళ మధ్యలోంచి తెల్లగా లైట్‌హౌస్ లేస్తుంది. అదిగో అని మీ నోటితో మీరే అంటారు, చూడండి."

వినేవాడికి టికెట్టు చేతికి రాకముందే ఒళ్ళు పులకరించేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, ఆమె నోటి మంచితనమంతా ఆ దీవికి పట్టింది.

ఇంతకీ ఇదంతా ఆమెకి ఎలా తెలుసు? ఉద్యోగంలో చేరిన మొదటి వారం యజమాని ఒక మడత కాగితం చేతికిచ్చాడు. దాని మీద రంగుల ఫోటో: మధ్యలో వంతెన, వంతెనకి ఎడమ పక్కన లైట్‌హౌస్. అంతే. మిగతాది వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పినవి, చెప్పనివి కలిపి ఆమె వండుకుంది. సెలవు రోజుల్లో ఆఫీసులో ఊపిరాడదు, మామూలు రోజుల్లో ఆమెకి సెలవుండదు. మొదటి మూడేళ్ళు వచ్చే నెల వెళ్దాంలే అనుకుంది. ఆ తరవాత, చూడలేదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

పోయిన నెల ఒక పెద్దాయన కన్నం దగ్గర తల వంచి అడిగాడు. "మీరు చూశారా అమ్మా?"

"చూడకేం," అంది కౌంటరమ్మ.

"అయితే మీ మాట మీద వెళ్తున్నాం. మా ఆవిడకి చూపు పోతోంది. కనపడినన్నాళ్ళలో ఒక్కటైనా మంచిది చూపిద్దామని నా తాపత్రయం. ఎడమ వైపే కూర్చోబెడతాను."

ఆయన వెళ్ళిపోయాడు. కౌంటరమ్మకి మాత్రం ఆ రోజు నుంచి ముద్ద దిగలేదు. లైట్‌హౌస్ ఎడమ పక్కన లేకపోతే? ఆ మహాతల్లికి మిగిలిన చూపంతా ఏ గోడ మీదో పడి ఉంటే? ఆ పాపం ఎవరిది?

చివరికి ఒక సాయంత్రం బట్టలు మడత పెడుతూ అత్తగారి దగ్గర బయటపడింది. "అత్తయ్యా, మీతో ఒక మాట. నేను అసలు ఆ దీవే చూడలేదు."

అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. ముఫ్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి, డాక్టర్లనే నోరెత్తనివ్వని మనిషి. "నాకు తెలుసు," అంది దిండు గలీబు విదిలిస్తూ. "పద్నాలుగేళ్ళలో నువ్వు ఆఫీసుకి పోని రోజు ఎప్పుడుంది, చూడ్డానికి? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ సంగతి."

"వెళ్ళి చూసొస్తాను. తప్పయితే తప్పని తెలుసుకుంటాను."

"వెళ్ళొస్తాను కాదు, వెళ్దాం. మీ ఆయన్ని మాత్రం రమ్మనకు. వాడు కారెక్కితే గైడు చూపించేవి చూడం, వాడి వాంతులు చూస్తాం."

అయితే చిక్కొకటుంది. ఆ గైడుతో కౌంటరమ్మ రోజూ ఫోన్లో మాట్లాడుతుంది. మొహం తెలియదు కానీ గొంతు బాగా తెలుసు. ఆమె నోరు విప్పిందంటే పద్నాలుగేళ్ళ గుట్టు రట్టవుతుంది.

"గొంతు బొంగురుపోయిందని చెప్తాను. నువ్వు నోరు మూసుకుని కూర్చో," అంది అత్తగారు.

"రోజంతానా?"

"ఏం, చచ్చిపోతావా?"

"అదే నా భయం," అంది కౌంటరమ్మ.

యజమానిని బతిమాలి ఒక రోజు సెలవు తీసుకుంది, అత్తగారి పేరు మీద కారు బుక్కయింది. ఆ రోజు కోసం కౌంటరమ్మ పడ్డ ఆత్రం చెప్పతరం కాదు. వారం ముందే సంచీ సర్దింది, రెండుసార్లు విప్పి మళ్ళీ సర్దింది. టీ ఫ్లాస్కు, బిస్కెట్లు, గొడుగు, ఆ పాత మడత కాగితం. తెల్లారకముందే లేచి, మెడకి మఫ్లరు చుట్టుకుని, గుమ్మంలో నిలబడి వీధి చివరికే చూస్తూ ఉంది. నలభై ఆరేళ్ళ మనిషి, రేపటి పరీక్షకి ఇవాళే బడికి వెళ్ళిన పిల్లలా ఉంది.

కారొచ్చింది. దిగినవాణ్ణి చూసి కౌంటరమ్మకి నవ్వాగలేదు. ఫోన్లో ఆ గంభీరమైన గొంతు విని ఆరడుగుల ఆజానుబాహువు అనుకుంది ఇన్నాళ్ళూ. తీరా చూస్తే బక్కపల్చటి మనిషి, నెరిసిన మీసం, ఆమె భుజం దాకా వచ్చాడు. నవ్వుని దగ్గుగా మార్చి మఫ్లర్లో దాచుకుంది.

"పాపం గొంతు పోయింది," అంది అత్తగారు ఏమీ ఎరగనట్టు. "మాట్లాడించకు బాబూ."

"అయ్యో, తేనె వేసుకోండమ్మా," అన్నాడు గైడు.

ఇద్దరికీ ఎడమ కిటికీయే కావాలి. డ్రైవరు కుడి పక్కన కూర్చుంటాడు గనక, ముందు సీటు అత్తగారికి, దాని వెనక సీటు కోడలికి అని తేలింది. ఊరు దాటింది. పొలాలు దాటాయి. గైడు ప్రతి కాలవకీ ఒక కథ చెప్తున్నాడు, కౌంటరమ్మ పెదాలు బిగబట్టుకుని వింటోంది. ఆ కథల్లో సగం తను కిటికీ దగ్గర చెప్పేవే. అవి నిజంగానే ఒక్కొక్కటే ఎదురొస్తుంటే, రాసుకున్న ఉత్తరం నడిచొచ్చి పలకరిస్తున్నట్టుంది ఆమెకి.

ఐసు ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు రెండుగా చీలింది. నేరుగా పోవాలి. ఆఫీసులో ఉండే రూటు కాగితంలో అదే దారి, ఆమెకి కంఠతా వచ్చు. గైడు ఎడమకి తిప్పాడు. కౌంటరమ్మ నోరు తెరవబోయి, మూసుకుని, అత్తగారి భుజం మీద పొడిచింది.

"ఇటెందుకు తిప్పావు బాబూ? దారి అటు కదా," అంది అత్తగారు.

గైడు నవ్వాడు. "పెద్ద కథండీ అది. మీకు టికెట్టిచ్చిన ఆఫీసులో ఒక మేడమ్ ఉన్నారు. లైట్‌హౌస్ ఎడమ వైపొస్తుందని అందరికీ చెప్తారు. ఆ నేరు రోడ్డులో ఎడమ వైపు ఏమీ రాదండీ. అటూ ఇటూ గోడౌన్లు, సిమెంటు గోడలు. వంతెన ఎక్కాక వస్తుంది లైట్‌హౌసు, అదీ కుడి పక్కన."

వెనక సీట్లో కౌంటరమ్మ సంచీలోని మడత కాగితాన్ని తడుముకుంది. తప్పే. పద్నాలుగేళ్ళ తప్పు. ఆ పెద్దాయన, ఆయన భార్య కళ్ళ ముందు మెదిలారు.

"అయితే ఆవిడ అబద్ధాలకోరన్నమాట," అంది అత్తగారు. చూడండి, ఎక్కడ గిల్లాలో ఆవిడకి తెలుసు.

"అంత మాటనకండి అమ్మగారూ. మొదట్లో ఒకాయన నాతో పోట్లాడాడు. మేడమ్ ఎడమన్నారు, నువ్వే తప్పుదారిలో తెచ్చావు అని. నాకూ ఒళ్ళు మండింది. సాయంత్రం ఫోన్ చేసి ఆవిణ్ణి కడిగేద్దామనుకున్నాను."

"కడిగావా?"

"ఎక్కడండీ. ఫోనెత్తగానే ఆవిడే అడిగారు. లైట్‌హౌస్ చూసి ఏమన్నారు, అదిగో అన్నారా అని. చిన్నపిల్ల అడిగినట్టు అడిగారు. లేదండీ అనడానికి నాకు నోరు రాలేదు. అన్నారండీ అనేశాను. అబద్ధమాడాక దాన్ని నిజం చెయ్యొద్దూ? వారం రోజులు వెతికితే ఈ పాత ఉప్పుమడుల రోడ్డు దొరికింది. పదకొండు కిలోమీటర్లు ఎక్కువ, కానీ సముద్రం పక్కనే పోతుంది, ఎడమ వైపు. అప్పట్నుంచి అందర్నీ ఇటే తెస్తున్నాను."

"తిలా పాపం తలా పిడికెడు," అంది అత్తగారు. "ఆవిడ అసలు దీవి చూడలేదేమో."

"చూడలేదండీ. అది నాకు ఆ రోజే తెలిసిపోయింది. చూసినవాళ్ళు అంత ఆత్రంగా అడగరు కదా."

కౌంటరమ్మ మఫ్లరు కళ్ళదాకా లాక్కుంది. సిగ్గో, ఏడుపో, సంతోషమో, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. నిజంగానే గొంతు పోయింది ఇప్పుడు. అత్తగారు అద్దంలో కోడలి మొహం ఒకసారి చూసి, గొంతు మార్చింది.

"పోయిన నెల ఒక పెద్దాయన భార్యని తీసుకొచ్చాడా? ఆవిడకి చూపు సరిగా ఆనదు."

"మీకెలా తెలుసండీ?"

"మా వీధివాళ్ళే," అని అలవోకగా బొంకేసింది అత్తగారు.

"వచ్చారండీ. ఎలా మర్చిపోతాను. ఆవిడకి కుడి కన్ను పూర్తిగా పోయింది, ఎడమ కంటితోనే కాస్త ఆనుతుంది. ఎడమ వైపు కూర్చోవడం ఎంత మేలయిందో. పెద్దాయన ఎదురుగా రోడ్డు చూస్తున్నాడు, నేను గేరు మారుస్తున్నాను, ఇద్దరికంటే ముందు ఆవిడే చూశారు. అదిగో, అదిగో అంటూ భర్త చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఇంటాయన కంటే ముందు నేను చూశానని దారంతా ఒకటే గొప్ప. ఇదిగో, ఈ మలుపు దగ్గరే."

మలుపు తిరిగింది. ముందు వాసనొచ్చింది, ఉప్పుగా, పచ్చిగా. కౌంటరమ్మ చెయ్యి దానంతటదే కిటికీ అద్దం దించింది. ఉప్పుకుప్పలు ఒక్కటొక్కటే వెనక్కి పోయాయి, అవి పోయినచోట నీళ్ళు పరుచుకున్నాయి, ఆ నీళ్ళ మధ్యలోంచి ఎడమ పక్కన, తెల్లగా, నెమ్మదిగా లేచింది.

"అదిగో లైట్‌హౌస్!" అని అరిచింది కౌంటరమ్మ. "అత్తయ్యా, ఎడమ పక్కనే, చూడండి, ఎడమ పక్కనే!"

కారు కీచుమని ఆగింది. గైడు మెల్లిగా వెనక్కి తిరిగాడు.

"మేడమ్?" అన్నాడు.

కౌంటరమ్మ మఫ్లరు విప్పేసింది. "ఏమన్నారని అడగరేం గైడుగారూ?" అంది ఏడుస్తూ, నవ్వుతూ. "అదిగో అన్నాను."

ఆ తరవాత ఆమె నోటికి పట్టపగ్గాలు లేవు. పొద్దుటి నుంచి మింగిన మాటలన్నీ వంతెన పొడుగునా కక్కేసింది. దీవి మీద మెట్లెక్కింది, లైట్‌హౌస్ దీపం గది చూసింది, రాళ్ళ మీద చెప్పులు విడిచి నీళ్ళలో నిలబడింది. అత్తగారు కూడా నీళ్ళలో దిగి, "ఈవిడ అబద్ధాలు అంత బాగా చెప్తుందనుకోలేదు, అన్నీ ఉన్నాయి," అంది గైడుతో.

తిరుగు ప్రయాణంలో, దీవి వైపు వంతెన మొదట్లో, కౌంటరమ్మ కారాపించింది. సంచీలోంచి మడత కాగితం తీసి ఎత్తి పట్టుకుంది. ఫోటోలో వంతెన, ఎడమ పక్కన లైట్‌హౌస్. ఎదురుగా వంతెన, ఎడమ పక్కన లైట్‌హౌస్. ఫోటో తీసినవాడు దీవి మీద నిలబడి ఊరివైపు తిరిగి తీశాడు. ఆమె దాన్ని ఊర్లో కూర్చుని, దీవికి వెళ్ళే దారి అనుకుంది.

"ఫోటో తప్పు కాదు. నేనే తిరగేసి చదివాను," అంది. "గైడుగారూ, ఇంటికి నేరు రోడ్డులో పోనివ్వండి. మీరు లేకపోతే నేను జనానికి ఏం చూపించి ఉండేదాన్నో అది కూడా చూడాలి."

చూసింది. గోడౌన్లు, సిమెంటు గోడలు, ఒక పాత టైర్ల గుట్ట. ఎక్కడా చుక్క నీళ్ళు కనపడలేదు.

"ఇకనుంచి కుడి అని చెప్పనా?" అంది చివరికి.

"చంపేస్తారా మేడమ్," అన్నాడు గైడు కంగారుగా. "మీ తప్పు పుణ్యమా అని నాకా రోడ్డు దొరికింది. మళ్ళీ రోజూ ఈ గోడలు చూడమంటారా?"

సోమవారం పొద్దున కిటికీ తెరవగానే ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. కౌంటరమ్మ అలవాటుగా మొదలుపెట్టింది. ఎడమ వైపు కూర్చోండి, ముందు సముద్రం కనపడదు, వాసనొస్తుంది, కిటికీ అద్దం దించండి. అంతా అదే, ఒక్క మాట మారలేదు. మారింది ఒక్కటే: ఆఫీసు రూటు కాగితంలో నేరు రోడ్డు అన్నచోట కొట్టేసి, ఉప్పుమడుల రోడ్డు అని తన చేత్తో రాసింది.

ఆ అమ్మాయి కన్నం దగ్గరికి వంగి, "మీరు చూశారా ఆంటీ?" అంది.

చూడకేం అనలేదు కౌంటరమ్మ. టికెట్టు ఇవ్వబోయిన చెయ్యి ఆగింది. ఈ ప్రశ్న కోసం పద్నాలుగేళ్ళు ఎదురుచూసినట్టు కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"చూశాను," అంది. ఒక్క మాటకే ఈవిడ కళ్ళెందుకు తుడుచుకుంటోందో కిటికీ అవతలి తల్లీకూతుళ్ళకి అర్థం కాలేదు.