బోర్లా తిరిగిన రాయి

దెయ్యాలంటే నవ్వేవాణ్ని. రాళ్లు చదివే చదువు నాది. రాయి కదిలిందంటే ఎవరో ఒకరు తోసి ఉండాలి, అంతే.

అరవయ్యో దశకం చివర్లో రామతీర్థం దగ్గర ఓ పల్లెలో గది అద్దెకి తీసుకుని పరిశోధన చేశాను. అక్కడి కొండల్లో రాతిపొరలు ఒకప్పుడు నీళ్లు పరిచిన ఇసుక. తర్వాత భూమి నలిపేస్తే వంగిపోయాయి. ఆ వంపును లెక్కకట్టి పొరను మళ్లీ చదును చేసి చూస్తే, రాతిలోని అలల గుర్తులు నీళ్లు ఎటు పారాయో చెబుతాయి. రెండేళ్ల కష్టం. ఇంకో పది రోజుల్లో సిద్ధాంతగ్రంథం సమర్పించాలి. తప్పని తేలితే చదువు అక్కడితో సరి.

చివరగా కొండమీంచి అలల గుర్తులున్న ఓ రాతిపలక గదికి తెచ్చాను. ఇద్దరు కూలీలు ఆపసోపాలు పడుతూ మోశారు. కొండమీద ఉన్నట్టే పైముఖం పైకి పెట్టించి, నీళ్లు పారిన దిక్కుకి సుద్దతో బాణం గీశాను. ఇంటావిడ అప్పలనరసమ్మ, ఒక చెయ్యి పడిపోయిన ముసలామె, ఇంట్లోకొచ్చిన రాయిని ఉత్తినే ఉంచకూడదని దానికి పసుపు పూసి బొట్టు పెట్టింది. నా బాణం కాస్తా చెరిగిపోయింది. ఒళ్లు మండి, గదికి తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కొండ దిగి వచ్చి తలుపు తీస్తే రాయి బోర్లా ఉంది. పసుపు ముఖం నేలకి. కూలీల్ని పిలిచి సరిచేయించాను. మూడోనాడు మళ్లీ అదే. గదికి కిటికీ లేదు. పైన పెంకు ఒక్కటీ కదల్లేదు.

ఆమెను నానా మాటలూ అన్నాను.

"ఒంటిసేత్తో నానేటి తిప్పగల్ను బాబూ? అలా పడుకోవాలని దానికే ఉన్నాదేమో. ఓపాలి సూడు."

కోపంతోనే చూశాను. గుమ్మంలోంచి ఏటవాలుగా పడ్డ ఎండలో అలల కొనలు వాడిగా పైకి లేచి ఉన్నాయి. ఇసుకలో నీళ్లు కట్టే అలలకి వాడి కొన పైకే ఉంటుంది. అంటే కొండమీద నేను పైముఖం అనుకున్నది అడుగు. ఆ పొరలన్నీ పూర్తిగా వంగి తలకిందులుగా పడి ఉన్నాయి. ఓరి నాయనోయ్, రెండేళ్లుగా నదిని వెనక్కి పారిస్తున్నాను!

మిగిలిన ఆ కొద్ది రోజుల్లోనే లెక్కలన్నీ తిరగరాశాను. పట్టా వచ్చింది. ఉద్యోగం, పిల్లల చదువులు, ఇప్పుడు తినే అన్నం, అన్నీ ఆ రాయి చలవే.

గది ఖాళీ చేసేరోజు అప్పలనరసమ్మ కాళ్లకి వంగాను. ఆమె వెనక్కి జరిగింది.

"నాను ముట్టుకుంటే కదా బాబూ. దానికెట్టు దండం."

పెట్టాను. రాయిని ఎవరు తిప్పారో ఈరోజుకీ నాకు తెలియదు. దండం మాత్రం మనస్ఫూర్తిగానే పెట్టాను.