అవ్వ పేరు చెప్పి ఇచ్చిన మందు

ఆ ఏడాది కాలేజీలు మూతపడ్డాయి. పట్నంలో ఎటు చూసినా ఊరేగింపులు, రాళ్లు, లాఠీలు. హాస్టల్ ఖాళీ చేయమంటే మా నాన్న వచ్చి నన్ను మొయినాబాద్‌లోని ఇంటికి తీసుకొచ్చాడు. అమ్మాయిలందరూ పెట్టెల్లో పాఠ్యపుస్తకాలు సర్దుకుంటే, నేను కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న మంత్రాల పుస్తకాలు, మూలికల పుస్తకాలు బట్టల కింద దాచి తెచ్చుకున్నాను.

ఆ పిచ్చి నాకు హాస్టల్లోనే పట్టింది. దిష్టి తీయడం, తేలుకాటు మంత్రం, పంటినొప్పికి వేరు, ఏ వారం ఏ మూలిక కోయాలి, అన్నీ బట్టీ పట్టాను. గదిలో ఎవరికైనా తలనొప్పి వస్తే నుదుటి మీద చెయ్యి వేసి గొణిగేదాన్ని. వాళ్లు మొహమాటానికి తగ్గిందనేవాళ్లు, నేను నమ్మేదాన్ని. అంతవరకూ బాగానే ఉంది. అక్కడి నుంచి ముందుకు దారి లేదు. ప్రతి పుస్తకమూ అసలు సంగతి దగ్గరికి రాగానే "తక్కినది గురుముఖంగా తెలుసుకోవలెను" అని చేతులు దులుపుకునేది.

గురువు కోసం వెతుకుతుంటే, మా పక్క ఊరైన హిమాయత్‌నగర్‌లో ఒక అవ్వ కామెర్లకు ఆకు మందు ఇస్తుందని మా పాలేర్ల మాటల్లో విన్నాను. భర్త పోయిన మనిషి, క్రైస్తవురాలు. ఆదివారం ప్రార్థనకు పోతుంది కాబట్టి ఆ రోజు మందు ఇవ్వదు. ఆమెది ఊరి బయటి వాడ, అక్కడికి మా ఇంటి ఆడపిల్ల పోకూడదు. స్నేహితురాలి ఇంటికని అమ్మకు అబద్ధం చెప్పి పోయాను. వారానికి మూడు రోజులు, అలా ఆరు నెలలు.

ఆకు నూరేటప్పుడు అవ్వ పెదాలు కదిలేవి. ఆ మంత్రం ఎప్పుడు చెబుతుందా అని నెలల తరబడి కాచుకుని, చివరికి ఉండబట్టలేక అడిగేశాను. ఆమె నవ్వింది.

"మంత్రం ఏడిది బిడ్డా? దేవుని ప్రార్థన. మా వాడల పోరగాండ్లకు గూడ వస్తది."

నా దగ్గర దాస్తోందనుకుని మనసులో చిన్నబుచ్చుకున్నాను. ఆమె మాత్రం తనకు తెలిసింది చెబుతూనే ఉంది. వచ్చినవాళ్ల కళ్లు చూడమనేది, గోళ్లు చూడమనేది, కడుపు మీద చెయ్యి పెట్టించేది. పది మంది వస్తే ముగ్గురు నలుగురిని మందు ఇవ్వకుండానే దవాఖానకు పొమ్మని తిప్పి పంపేది. ఈ ముసలమ్మకు ధైర్యం లేదని నాకు అనిపించేది.

"పెద్ద సదువు ఎప్పుడు చెప్తవ్ అవ్వా?" అని ఒకరోజు అడిగాను.

"ఇదే బిడ్డా. ఇచ్చుడు ఎవలకైన వస్తది. ఎవలకు ఇయ్యొద్దో తెలుసుడే పెద్ద సదువు."

నిండుకుండ తొణకదంటారు. నేను అడుగున నాలుగు చుక్కలున్న కుండని. ఆ మాట నాకు ఎక్కలేదు.

మా పొలంలో జీతానికున్న ఒకాయనకు కామెర్లు వచ్చాయి. అవ్వ దగ్గరకు పోతే కడుపు ముట్టి చూసి, "ఇది నా ఆకుతోని వొయ్యేది గాదు, దవాఖానకు తీస్కపొండ్రి" అంది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. మర్నాడు అతని భార్య మా పెరటి వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"బస్సులు బందైనయ్. పట్నం ఎట్ల వోవాలె చిన్న దొరసానీ? అవ్వకు జర నువ్వన్న చెప్పు, నీ మాట ఇంటది."

నేను అవ్వ దగ్గరకు పోలేదు. ఆకు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. కోశాను, నూరాను. రోగం పెద్దది కాబట్టి మందు కూడా పెద్దగానే ఉండాలని నా తెలివి చెప్పింది. గిన్నె అందుకుంటూ ఆమె వెనకాడింది.

"అవ్వ ఇయ్యనన్నది గద?"

"అవ్వనే ఇమ్మన్నది. నా చేత పంపింది."

నాలుక ఎక్కడా తడబడలేదు. నేను ఇస్తున్నానంటే ఆమె తీసుకోదని నాకు తెలుసు. మూడు రోజులు పొద్దున్నే ఇచ్చాను.

నాలుగో రోజు అతను వాంతులు చేసుకుని స్పృహ తప్పాడు. ఆ రోజు కూడా బందే. పట్నం రోడ్డు మీద రాళ్లు పెట్టారని బండి చేవెళ్ల వైపు తిప్పారు. అక్కడి డాక్టరు ఏ ఆకు పోశారు, ఎంత పోశారు అని అడిగితే అతని భార్య తనకు తెలిసిన నిజమే చెప్పింది: హిమాయత్‌నగర్ అవ్వ పంపింది, ఏం ఆకో తెలియదు. దొరల ఇంటి పిల్లనని నా పేరు మాత్రం ఎత్తలేదు. అవ్వను తీసుకురావడానికి బండి పంపారు.

చేవెళ్లకు పోయే బండి మా ఇంటి ముందు నుంచే పోవాలి. అవ్వ దప్పికైతుందని బండి ఆపించింది. నేను చెంబుతో బయటికి వచ్చాను. ఆ వాడ వాళ్లకు మా ఇంట్లో చెంబు ముట్టనిచ్చేవాళ్లం కాదు, దోసిట్లో పైనుంచి పోసేవాళ్లం. ఆరు నెలలు ఆమె ముందు కూర్చుని నేర్చుకున్నదాన్ని, నేనూ అలాగే పోశాను. ఆమె వంగి దోసిలి పట్టి, తల ఎత్తకుండా మెల్లగా అడిగింది.

"ఎంత ఇచ్చినవ్ బిడ్డా?"

"నేనేం ఇయ్యలే."

ఆమె తాగడం ఆపలేదు. ఇంకో రెండు గుక్కలు తాగి మళ్లీ అడిగింది.

"సరే, నేనే ఇచ్చిన అని చెప్త. ఎంత ఇచ్చిన అని చెప్పాలె? లెక్క తెల్వకుంటె ఆ డాక్టరు ఏం జేస్తడు?"

"రెండేసి పిడికిళ్లు," అన్నాను. "మూడు పొద్దులు."

దోసిట్లో నీళ్లు జారిపోయాయి. ఆమె ఇచ్చేది చిటికెడంత. చేతులు కొంగుకు తుడుచుకుని బండి ఎక్కింది.

అతను బతికాడు. ఆ లెక్క తెలియబట్టే బతికాడని డాక్టరు అన్నాడట. అదే డాక్టరు అవ్వను పదిమందిలో నిలబెట్టి తిట్టాడట. ఊళ్లో అంతటితో పోలేదు. ముందు ఇయ్యనన్నది, తర్వాత చాటుగా ఎందుకు పంపింది, బాణామతి చేసిందన్నారు. పెద్దలు మా అరుగు మీదే కూర్చుని, ఇక ఆమె మందు ఇయ్యొద్దని, మా ఊళ్లో అడుగు పెట్టొద్దని తేల్చారు. వాళ్లకు మజ్జిగ పోసింది నేనే. తేలు కుట్టిన దొంగలా గ్లాసులు నింపి లోపలికి వచ్చేశాను.

కాలేజీలు తెరిచాక, పట్నం పోయే ముందు రోజు అవ్వ ఇంటికి పోయాను. వాకిట్లో ఎవరూ లేరు. రోలు బోర్లించి ఉంది. ఏడుస్తూ ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"తప్పైంది అవ్వా. ఇయ్యాల మా బాపుకు అంత చెప్పేస్త."

ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. రోగుల కళ్లు చూసినట్టే చూసింది.

"ఇప్పుడు చెప్తె ఏమొస్తది బిడ్డా? అది గూడ నేనే బాణామతి చేసి నీతోని చెప్పిచ్చిన అంటరు. చెప్పే నాడు చెప్పకపోతివి. ఊకో, పోయి సదువుకో."

ఆమె అన్నది నిజమో, నా మీద జాలితో అన్నదో ఇప్పటికీ తెలియదు. అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడతాను, మజ్జిగ పోసినందుకు సిగ్గుపడతాను. కానీ ఆమె "ఊకో" అనగానే నా ప్రాణం కుదుటపడింది. ఇక చెప్పక్కర్లేదని గుండె తేలికై, కళ్లు తుడుచుకుని, దారిలో రేపటి బస్సు గురించి ఆలోచించుకుంటూ ఇంటికి వచ్చాను.