అడగాల్సిన మనిషి

వీడియో కాల్‌లో ఆ దేశపు లాయరమ్మ మా వదినను ఒకే ఒక ప్రశ్న అడిగింది. పదవి పోయి జైల్లో ఉన్న తమ పాత అధ్యక్షుణ్ణి ఉరి తీయాలని మీరు కోరుతున్నారా అని. ఆమె ఇంగ్లీషులో అడిగింది, నేను తెలుగులో చెప్పాను. వదిన లేచి వెళ్ళి స్టవ్ మీది పప్పు దించి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "రేపు చెప్తానని చెప్పు" అంది.

ఆ దేశం పేరు రాయను. మా అన్నయ్య అక్కడ ప్రభుత్వ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. వదిన కూడా వెంట వెళ్ళింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ దేశంలో ప్రతి కొట్లోనూ, ప్రతి ఇంట్లోనూ అధ్యక్షుడి ఫోటో ఉండాలి. వీళ్ళ క్వార్టర్స్‌లోనూ ఉండేది. ఎవరైనా చూసి తప్పు పడతారేమోనని వదిన దాన్ని రోజూ తుడిచేది. దేవుడి పటాలకు దుమ్ము పట్టేది గానీ ఆ ఫోటోకు పట్టేది కాదని ఒకసారి నాతో చెప్పింది.

ఒక ఏడాది కాలేజీ కుర్రాళ్ళు సమ్మె చేశారు. సైనికులు హాస్టల్లోకి చొరబడ్డప్పుడు కొందరు పరుగెత్తుకొచ్చి అన్నయ్య ఇంట్లో దాక్కున్నారు. మర్నాడు పొద్దున జీపు వచ్చింది. కుర్రాళ్ళతో పాటు ఆయన్నీ ఎక్కించారు. ఆయన కళ్ళజోడు తెచ్చిమ్మన్నాడు. వదిన లోపలికెళ్ళి తెచ్చేలోగా జీపు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మాకు తెలిసింది ఏమీ లేదు. మన ఎంబసీ వాళ్ళు అడిగితే అలాంటి మనిషి తమ దగ్గర లేడని అక్కడి ప్రభుత్వం జవాబిచ్చింది. వదిన కొన్నాళ్ళు అక్కడే ఉండి, వీసా అయిపోయాక హైదరాబాదు వచ్చి సరూర్‌నగర్‌లో మా ఇంట్లో చేరింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో కర్రీ పాయింట్ పెట్టుకుంది. బొట్టు తీయలేదు. తీయమని ఎవరూ అనలేదు, అనడానికి ఎవరి దగ్గరా రుజువు లేదు. మా అమ్మా నాన్నా పోయినప్పుడు వాళ్ళకో తిథి ఉంది. అన్నయ్యకు తిథి లేదు. ఆయన కోసం ఫలానా రోజున ఏడవాలని లేకపోవడంతో నాకు ఏ రోజైనా ఏడుపు వచ్చేది. బస్సులో రావచ్చు, బ్యాంకులో రావచ్చు. వచ్చినప్పుడు తల దించుకుని పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాణ్ణి.

ఉరిశిక్ష తప్పని నేను చదువుకునే రోజుల నుంచీ నమ్ముతూ వచ్చాను. ప్రభుత్వం మనిషిని చంపకూడదు, ఎంత నేరం చేసినవాడినైనా. ఆ నమ్మకానికి కావలసిన పుస్తకాలన్నీ చదివాను. అయితే విచారణ ఫోన్‌లో ప్రత్యక్షంగా వస్తున్నప్పుడు, బోనులో స్వెట్టర్ వేసుకుని కూర్చున్న ఆ ముసలాయన తనకు మోకాళ్ళ నొప్పులని, కుర్చీ మార్చమని జడ్జిని అడగడం చూశాను. కుర్చీ మార్చారు. నేను ఫోన్ కట్టేసి బయటికి వెళ్ళి, గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అప్పుడు నాకు ఏ పుస్తకమూ గుర్తు రాలేదు. ఆ ముసలాయన మెడ ఎలా ఉందో మాత్రమే గుర్తుంది.

మా కింది వాటాలో కిరాయికి ఉండే ఆవిడది నల్గొండ దగ్గర పల్లె. కర్రీ పాయింట్‌లో వదినకు తోడుగా ఉంటుంది. ఆమెకు ఈ విషయంలో ఏ సందేహమూ లేదు.

"ఉరే గాదు వదినా, గానికి ఏమేసినా తక్వనే. ఇన్నేండ్లు నిన్ను గోస పెట్టిండు."

"వాణ్ణి ఉరేస్తే నా గోస పోతుందా?"

"నీది పోకున్నా నాదన్న పోతది. దినాం పొద్దుగాల నీ మొకం జూడలేక సస్తున్న."

వదిన నవ్వింది. ఆమెను నవ్వించగలిగేది ఆవిడొక్కతే.

లాయరమ్మ ప్రశ్న అడిగిన రోజు మధ్యాహ్నం నేను కూడా కర్రీ పాయింట్‌లో ఉన్నాను. ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే ఇద్దరు కుర్రాళ్ళు కూరలకు వచ్చారు. వాళ్ళ మాటలూ ఆ విచారణ గురించే.

"రేపు మాక్ ఇంటర్వ్యూల గా ముసలోని ముచ్చటనే అడుగుతరు రా. ఉరెయ్యాల్నా, వద్దా?"

"వద్దంటే మెత్తగున్నవంటరు. ఎయ్యాలంటే చట్టం తెల్వదంటరు. నడిమధ్యల చెప్పాలె."

"నడిమధ్యల ఎట్ల ఉరేస్తర్రా? సగమా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకడు కౌంటర్ మీదికి వంగి, "ఆంటీ, మీరైతే ఏం జేస్తరు?" అన్నాడు.

వదిన సాంబారు కవరుకు రబ్బరు బ్యాండు చుడుతోంది. "నేనైతే అడుగుతాను" అంది.

"ఏమడుగుతరు?"

"ముందు నీకు ఏ పప్పు కావాలో చెప్పు బాబూ. వెనకాల జనం ఉన్నారు."

వాళ్ళు దోసకాయ పప్పు తీసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆమె ఎవరో వాళ్ళకు తెలియదు. నేనూ వాళ్ళ వయసులో అలాగే మాట్లాడాను, ఇంకా గట్టిగా కూడా.

మర్నాడు లాయరమ్మ మళ్ళీ కాల్ చేసింది. వదిన చెప్పినదాన్ని నేను మాట మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను.

"ఉరి వద్దు. జాలితో కాదు, నాకు వాడంటే జాలి లేదు. మా ఆయన్ని ఏం చేశారో, ఎక్కడ పెట్టారో వాడు చెప్పాలి. అది చెప్పేదాకా వాడు బతికుండాలి."

మిగతా కుటుంబాలు చాలావరకు ఉరే కావాలన్నాయని లాయరమ్మ చెప్పింది. ఒక తల్లి తాడు తన చేతికే ఇమ్మని అడిగిందట. తర్వాత మెల్లగా, "ఆయనకు తెలిసి ఉండకపోవచ్చమ్మా. ఆయన సంతకాలు పెట్టాడు. గోతులు తవ్వింది వేరేవాళ్ళు" అంది.

"వాడికి తెలియకపోయినా, ఎవరికి తెలుసో వాడికి తెలిసే ఉంటుంది కదా. పిలిచి అడగమనండి. ఇన్నాళ్ళూ వాడు పిలిస్తే అందరూ వచ్చారుగా."

కోర్టు ఉరి ఖాయం చేసింది. అప్పీలు కొట్టేశారు. కొత్త ప్రభుత్వం తొందరగా ముగించాలనుకుంది. వాళ్ళకు వాళ్ళ భయాలున్నాయి, బతికి ఉంటే మళ్ళీ వస్తాడేమోనని. నాకు అది అర్థమైంది. ఉరి తీసేశారన్న వార్త ఇక్కడికి మధ్యాహ్నం గిరాకీ జోరుగా ఉన్నప్పుడు వచ్చింది. కింది వాటా ఆవిడ ఎదురు స్వీటు షాపు నుంచి లడ్డూల డబ్బా పట్టుకుని పరుగున వచ్చింది.

"అయిపోయింది వదినా. నోరు తీపి చేస్కో."

వదిన డబ్బా అందుకుని అన్నం గిన్నె పక్కన పెట్టింది. మూత తీయలేదు. కూరలు అయిపోయేదాకా అందరికీ వడ్డించి కట్టింది. చివరి మనిషి వెళ్ళాక స్టూలు మీద కూర్చుని నా ఫోన్ ఇమ్మంది. అందులో ఒక ఫోటో వచ్చింది. శవాన్ని ఇంటివాళ్ళకు అప్పగించారు. నల్లబట్టలు వేసుకున్న ఒక ఆడమనిషి గోతిలోకి మట్టి వేస్తోంది. భార్యో కూతురో రాయలేదు.

వదిన ఆ ఫోటో చాలాసేపు చూసింది. "వీళ్ళకి దొరికాడు" అంది.

ఆ తర్వాత ఆమె చాలా రోజులు ఆ సంగతి ఎత్తలేదు. మేం ముగ్గురమే ఉండే ఇంట్లో ఎవరో నాలుగో మనిషి ఉన్నట్టు ఉండేది. నా భార్య కంచాలు పెట్టేటప్పుడు ఒక్కోసారి చెయ్యి ఆపేది. ఒక పొద్దున వదిన పురోహితుణ్ణి పిలవమంది.

బడంగ్‌పేట్‌లో ఉండే ఆయన ఇదివరకే చెప్పి ఉన్నాడు. ఏళ్ళ తరబడి కనబడకుండా పోయిన మనిషికి మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేయవచ్చు. అప్పట్లో వదిన వినలేదు. చెప్పాల్సినవాడు బతికే ఉన్నాడు, వాడు చెప్పకుండా నేను ఆకుల్ని తగలబెట్టనా అంది. ఇప్పుడు తనే పిలిపించింది. పిల్లలు లేరు కనుక కర్మ చేయాల్సింది నేను.

శ్మశానంలో ఆకుల్ని దర్భలతో కట్టి తల, చేతులు, కాళ్ళు అమర్చారు. వదిన రానక్కరలేదని పురోహితుడు అన్నా వచ్చింది. ఆమె వెంట కింది వాటా ఆవిడ. వదిన బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఆయన ఇంత పొట్టి కాదు" అంది.

"పొడుగుతో పని లేదమ్మా, శాస్త్రానికి ఇది చాలు."

"శాస్త్రానికి చాలు. ఆయనకి చాలదు."

పొడుగు చేద్దామంటే తెచ్చిన ఆకులు అయిపోయాయి. పురోహితుడు నా వైపు చూశాడు. కింది వాటా ఆవిడ, "జర ఆగుండ్రి పంతులు గారూ" అని బయటికి వెళ్ళి, పూజా సామాన్ల కొట్టులో మోదుగ విస్తర్ల కట్ట కొనుక్కొచ్చింది. అవి కుట్టినవి పనికొస్తాయా అని ఆయన తటపటాయించాడు. "పుల్లలు పీకితే ఆకులే గదా" అందావిడ. ఆడవాళ్ళిద్దరూ నేల మీద కూర్చుని ఒక్కొక్క విస్తరి విప్పి, పుల్లలు తీసి పక్కన పోశారు. వదిన ఆ ఆకుల్ని తన చేతుల్తోనే కాళ్ళకు చేర్చి కట్టింది. మోకాళ్ళ దగ్గర కాసేపు ఆలోచించి ఇంకో వరస వేసింది.

నేను నిప్పు పెట్టాను. ఎండుటాకులు గబుక్కున అంటుకున్నాయి. కాళ్ళు ముందు పోయాయి. అన్నయ్య కోసం ఏడవడానికి నాకు ఆ కాస్త సమయమే దొరికింది. అప్పుడు ఏడుపు రాలేదు.

ఆటోలో తిరిగి వస్తుంటే ఎల్బీనగర్ దగ్గర చాలాసేపు ఆగాం. కింది వాటా ఆవిడ వదిన చెయ్యి పట్టుకుని, "ఇప్పుడన్న జర నిమ్మళమైందా వదినా?" అని అడిగింది.

"లేదు."

"గట్లనకు. వాడు పోయిండు. ఈయనకు చెయ్యాల్సింది చేస్తిమి. ఇంకేం మిగిలింది?"

వదిన గోళ్ళలో ఇరుక్కున్న ఆకు పొడిని తీస్తూ ఉంది.

"వాడు బతికుంటే ఇంకా అడుగుతూ ఉండేదాన్ని" అంది.