పోయినసారి ఇక్కడే ఉండేదండి

ఫోన్లో స్టేటస్ పెట్టని ఆదివారం అసలు ఆదివారమే కాదనుకునే రోజులవి. నేను బి.ఎడ్. పూర్తిచేసి పాతపట్నంలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా కొత్తగా చేరాను. మకాం మా మేనత్త ఇంట్లో. లోకమంతా తిరిగొచ్చినదానిలా ముఖం పెట్టుకుని పిల్లలకి నదులూ పర్వతాలూ చెప్పేదాన్ని గానీ, నిజానికి నేను తిరిగింది మా ఊరి నుంచి శ్రీకాకుళం, శ్రీకాకుళం నుంచి పాతపట్నం. (బస్సులో నిద్రపోయి పర్లాకిమిడి దాకా వెళ్ళిపోవడం కూడా ప్రయాణమే అనుకుంటే, ఒడిశా కూడా చూసినట్టే.) అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం, అత్త నా ముందు ఒక చేటెడు చింతపండు పోసి గింజలు తియ్యమంది. తీస్తూంటే మా పిన్ని కూతురు కాలేజీ వాళ్ళతో ఎక్కడికో వెళ్ళి, ఒక జలపాతం ఫొటో పంపింది. చాలా పెద్ద జలపాతం. చేతులకంటిన చింతపండు లంగాకి తుడుచుకుని, ఆ ఫొటోని నా స్టేటస్‌లో పెట్టి, కింద "అడవి పిలిచింది, వెళ్ళాను" అని రాశాను. ఎందుకు రాశానో ఇప్పటికీ చెప్పలేను. ఆ వయసులో అలాంటివాటికి కారణాలుండవు.

మర్నాడు స్టాఫ్ రూములో అడుగు పెట్టానో లేదో మా పీఈటీ గారు ఎదురొచ్చారు. ఆయన మెడలో నిద్రలో కూడా విజిల్ ఉంటుందని పిల్లలు చెప్పుకునేవారు. అందుకే మాకందరికీ ఆయన విజిల్ మాస్టారు. "మేడం, అది మన కొండల్లోదేనా?" అని అడిగారు. కాదంటే మరెక్కడిదని అడుగుతారు, అది నాకే తెలీదు. "అవునండి" అన్నాను. ఆ ఒక్క 'అవును'కి తోడు, ఎప్పుడో ఎవరో పిల్లలు చెప్పుకుంటూండగా విన్న కొండ కింద ఊరి పేరొకటి కలిపాను. అంతే, మమ్మల్ని కూడా తీసుకెళ్ళమని ఆయనా, ఆయన పక్కనే కూర్చున్న సైన్స్ మేడమూ పట్టుకున్నారు. జలగలుంటాయన్నాను. ఉప్పు పట్టుకొస్తానన్నారు ఆయన. ఎలుగుబంట్లుంటాయన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. ఇక ఇలా కాదని ఆఖరి అస్త్రం తీశాను: మా అత్త ఒప్పుకోదు. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి మా అత్తనే అడుగుదామని ఇంటికొచ్చేశారు.

"మీ మేనకోడలు నిన్న వెళ్ళిన జలపాతానికి మమ్మల్నీ తీసుకెళ్తారండి. మీరు సరేననాలి" అన్నారు విజిల్ మాస్టారు, ఎంతో వినయంగా.

అత్త నా వంక చూసింది. వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో నేను బిగుసుకుపోయాను. "నిన్ననా?" అంది. నా చేతిలో గ్లాసులు తీసుకుని, "ఎల్లింది, ఎల్లింది" అని వాళ్ళ చేతికి టీ అందించి, నన్ను లోపలికి లాక్కెళ్ళింది.

"ఏటే గుంటా, సింతపండు గింజల మద్దెన నీకు జలపాతం ఎక్కడ కనబడ్డాదే?"

"నెమ్మదిగా, అత్తా! వాళ్ళకి చెప్పకు."

"నానెందుకు సెప్తాను? నన్నూ తీసుకెల్లు."

"అక్కడ గుడేమీ లేదత్తా!"

"ఏ దేవుడున్నాడని నిన్నడిగానేటి? నీల్లు సూడాలని నాకుండదా?"

అప్పటికి అత్తకి అరవై దగ్గర పడుతున్నాయి. దేవుడో, పురుడో, పరామర్శో లేకుండా ఆవిడ గడప దాటగా నేను చూడలేదు. ఆవిడ నన్ను బెదిరించి తనకి కావలసింది సాధించుకోవడం కూడా అదే మొదలు.

ఆదివారం పొద్దున్నే బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆ కొండ కింద ఊరు చేరాం. అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, కాళ్ళకి హవాయి చెప్పులు, ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో ఆవ పెట్టిన పులిహోర క్యారియరుతో పెళ్ళికి బయల్దేరినట్టుంది. నేను ముందు నడిచాను. దారి రెండుగా చీలిన మొదటి చోట, ఏమాత్రం ఆలోచించకుండా (ఆలోచిస్తే అనుమానపడతారు కదా!) ఎడమవైపు తిరిగాను. ముప్పావుగంట ఎక్కాక ఆ దారి మమ్మల్ని ఒక జీడితోటలోకి తీసుకెళ్ళి ఆగిపోయింది. ముందు కంచె, కంచె వెనక ఒక కుక్క. ముగ్గురూ నా వంక చూశారు.

"పోయినసారి ఇక్కడే ఉండేదండి" అన్నాను.

సైన్స్ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "జలపాతమా?" అంది. కొలిస్తే గానీ ఏదీ నమ్మని మనిషి. నా తరఫున అత్త కల్పించుకుని, "వానలకి తోవలు మారిపోతాయి తల్లీ. పద, ఎనక్కి పద" అని గొడుగుతో అందర్నీ తోలింది. నా పక్కనుంచి నడుస్తూ మాత్రం, "అబద్దమాడినా కొంచెం ఒళ్ళు దగ్గరెట్టుకుని ఆడాలే" అని గొణిగింది.

వెనక్కొచ్చి కుడివైపు పట్టాం. అది గెడ్డ వెంబడి దారి. గెడ్డంటే మా వైపు కొండల్లోంచి దిగే ఏరు. ఇటేపు కాసేపు, అటేపు కాసేపు దాటుకుంటూ పైకి పోవాలి. మొదటి రెండుసార్లు అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని చిన్నపిల్లలా దాటింది. మూడోసారి నీళ్ళు మోకాలిదాకా ఉన్నాయి, అడుగున రాళ్ళు పాచి పట్టి ఉన్నాయి. సగంలో ఉండగా ఆవిడ కాలు జారింది. చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. పడబోతుంటే విజిల్ మాస్టారు రెక్క పట్టుకున్నారు గానీ, మోకాలు రాయికి తగిలింది. ఏటి మధ్యనున్న బండ మీద కూలబడిపోయింది. (క్యారియరు మాత్రం చెయ్యెత్తి పట్టుకునే ఉంది.)

"నాను ముందుకీ రాను, ఎనక్కీ రాను. మీరెల్లి సూసొచ్చి ఎలాగున్నాదో సెప్పండి" అంది. నవ్వుతూనే అంది గానీ, మోకాలు అప్పుడే ఉబ్బుతోంది. చీర అంచు నీళ్ళలో తేలుతోంది. అంతసేపూ ఎవరేమడుగుతారోనన్న భయమే తప్ప, నా అబద్ధం వెనకాల ఒక పెద్దావిణ్ణి కొండ మీదికి నడిపించుకొచ్చానన్న ఊహే నాకు రాలేదు. అప్పుడొచ్చింది.

విజిల్ మాస్టారు నావైపు తిరిగారు. "మేడం, ఇంకెంత దూరం? పది నిమిషాలైతే పట్టుకుని మెల్లగా తీసుకెళ్దాం. గంటయితే ఇటునుంచిటే దిగిపోదాం. మీకు తెలుసు కదా, చెప్పండి."

పది నిమిషాలనీ చెప్పొచ్చు, గంటనీ చెప్పొచ్చు. అత్త నాకేసి చూస్తూ, ఏదో ఒకటి అనేయమన్నట్టు తలూపుతోంది.

"నాకు తెలీదండి" అన్నాను. "నేనిక్కడికి ఎప్పుడూ రాలేదు. ఆ ఫొటో మా చెల్లి పంపింది. అది ఎక్కడిదో కూడా నాకు తెలీదు. ఆ ఆదివారం నేను చింతపండు గింజలు తీస్తున్నాను."

నాకు ఏడుపొచ్చేసింది. విజిల్ మాస్టారు నెమ్మదిగా విజిల్ నోట్లో పెట్టుకుని, చెయ్యి నిటారుగా పైకెత్తి, కొండలు మారుమోగేలా ఊదారు. ఆటల పోటీల్లో ఫౌల్ ఇచ్చేటప్పుడు ఊదినట్టే. సైన్స్ మేడం నవ్వాపుకోలేక నీళ్ళలోనే కూర్చుండిపోయింది.

ఆ ఈల విని, పై గట్టు మీది పొదలు పక్కకి తోసుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. నెత్తిన కొండచీపుళ్ళ మోపు. "ఎవులు సచ్చిపోతన్నారేటి, ఆ ఈలేటి?" అంది.

"జలపాతానికండి. ఇంకెంత దూరం?" అని అరిచారు మాస్టారు.

ఆవిడ మమ్మల్ని జాలిగా చూసింది. "ఓలమ్మో! సెవులు లేవేటి మీకు? ఆ సప్పుడేటనుకున్నారు? ఆ బండ సుట్టూ తిరిగితే అదే!"

మేము అంతవరకూ గాలి చప్పుడనుకున్నది అదన్నమాట. ఆ మాట వింటూనే అత్త లేచి నిలబడింది. నేనొక రెక్కా, మాస్టారొక రెక్కా పట్టుకున్నాం. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ బండ చుట్టూ తిరిగింది.

ఫొటోలోదానితో పోలిస్తే అది జలపాతమే కాదు. ఇద్దరు మనుషులెత్తు ఉంటుందేమో. కానీ నీళ్ళు తెల్లగా, కొండని చీల్చుకొస్తున్నట్టు దూకుతున్నాయి. అత్త మిగిలిన చెప్పూ వదిలేసి, నా భుజం పట్టుకుని, ఇస్త్రీ చీరతోనే వెళ్ళి ఆ నీళ్ళ కింద నిలబడింది. ముడి ఊడిపోయింది. చిన్నపిల్లలా కేకలు పెట్టింది. పులిహోర తిందాం రమ్మన్నా రాలేదు. చివరికి ముద్దలు చేసి నేనే నోట్లో పెట్టాను. "ఇలాగుంటాదని ఇన్నాళ్ళూ ఎవులూ సెప్పలేదేటే నాకు!" అంది, ముఖం మీద నీళ్ళు కారుతూండగా.

మోకాలు వారం రోజులు బాధించింది. ఆ వారమంతా మంచం మీద కూర్చుని, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ జలపాతం గురించి చెప్పింది. మొదటిరోజు అది డాబా అంత ఎత్తుంది. శనివారం నాటికి కొండంత అయింది. నేను సరిదిద్దలేదు, ఆ హక్కు నాకు లేదు. బడిలో మాత్రం సోమవారం మధ్యాహ్నానికే కథ తెలియని పిల్లాడు లేడు, పిల్ల లేదు. బ్లాక్‌బోర్డు మీద ఎవరో నీళ్ళు దూకుతున్నట్టు బొమ్మ గీసి పెట్టారు. నన్ను 'జలపాతం మేడం' అనడం ఆనాడే మొదలైంది. ఏడ్చాను, అలిగాను, ఒకసారి బెత్తం కూడా చూపించాను. పేరు పోలేదు.

మొన్నామధ్య కోటబొమ్మాళి దగ్గర బస్సెక్కితే, నిండిపోయిన బస్సులో వెనకసీటు నుంచి, "జలపాతం మేడం! ఇటు రండి, చోటుంది!" అని ఒక గొంతు వినిపించింది. చంకలో పాపతో ఒక అమ్మాయి, ఎప్పుడో నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. పక్కనే ఉన్న మా ఆయన, "ఎవరిని?" అన్నట్టు నా ముఖంలోకి చూశారు. లంగాకి చేతులు తుడుచుకుని గొప్పలు రాసుకున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ పేరుకి తగ్గ పని నేనెప్పుడూ చెయ్యలేదు గానీ, పిలిస్తే మాత్రం వెంటనే పలికాను.