కృపానిధిగారి పనిమార్పిడి

కృపానిధిగారికి ఉన్న జబ్బు ఒక్కటే. లోకంలో ఎవరు ఏ పని చేస్తున్నా, దాని బదులు ఇంకో పని చేస్తే బాగుండునని ఆయనకు తోస్తుంది. తోచి ఊరుకోరు. చేయించేస్తారు.

ఆయన రాజాంలో మా కాలేజీలో బయాలజీ లెక్చరరు. కాలేజీ వార్షికోత్సవానికి వ్యాసరచన పోటీ పెడితే, జడ్జీగా బస్సు డ్రైవరు సోములును కూర్చోబెట్టారు. సోములు కాగితాలన్నీ తిరగేసి, అన్నిటికన్నా చిన్న వ్యాసానికి మొదటి బహుమతి ఇచ్చేశాడు.

"అదేటి సోములూ?" అన్నాను.

"మిగతావోలు సదివేవోడి గురించి ఆలోసించనేదండి."

"సూసినారా మాస్టారూ! ఇలాటి మడిసిని ఇన్నాళ్లూ స్టీరింగు ముందు కూకోబెట్టీసినాం" అని కృపానిధిగారు మురిసిపోయారు.

ఆ క్రిస్మస్‌కి వాళ్ల బాప్టిస్టు చర్చి నాటకంలో పాస్టరుగారి చేత గొర్రె వేషం వేయించారు. పాపం, ఆయన మోకాళ్లు కొట్టుకుపోయి, మర్నాటి ప్రసంగం కుర్చీలో కూర్చునే చేశారు.

మనుషులతో ఆగినా బాగుండేది. ఆయన ప్రోటీన్ల మీద పడ్డారు. కండల్లో మయోగ్లోబిన్ అని ఒకటుంటుంది. మాంసానికి ఎర్రరంగు దానివల్లే. దాని నడుమ ఒక ఇనుప అణువు, ఆ ఇనుమును అంటిపెట్టుకుని ఆక్సిజన్. కండ అడిగేదాకా ఆ ఆక్సిజన్‌ను పట్టుకుని కూర్చోవడమే దాని ఉద్యోగం. అనాదిగా అదే పని చేస్తోందని కృపానిధిగారికి దానిమీద జాలి పుట్టింది.

"ఇది గోడౌన్ కాపలావోడండి మాస్టారూ. దీనికి వంట నేర్పాల. ఇనుం పక్కనున్న ముక్కలు ఒకటీ రెండూ మార్సీస్తే, కూకోడం మానీసి పనిలోకి దిగుతాది."

బట్టల అద్దకం నీళ్లు వాగుల్లో, గెడ్డల్లో కలిసి ఊళ్లు పాడవుతున్నాయి. ఆ రంగును విరగ్గొట్టే ఎంజైముగా మయోగ్లోబిన్‌ను మార్చాలని ఆయన పట్టుదల. జన్యువును మార్చి బాక్టీరియాలో పెడితే, అవి ఈ కొత్తరకం ప్రోటీన్‌ను తయారుచేసి పెడతాయి. దాన్ని కాస్త పెరాక్సైడుతో కలిపి నీలం నీళ్లలో పోస్తే రంగు పోవాలి. పోయేది కాదు.

ఈ దిక్కుమాలిన పనిలోకి నేనెలా వచ్చానో చెప్పాలి. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌ని. నోట్ల రద్దు జరిగిన ఏడాది నా గొంతు పోయింది. విశాఖలో డాక్టరు లోపలికి గొట్టం దూర్చి చూసి, ఇక జన్మంతా గుసగుసలే అన్నాడు. పాఠం చెప్పలేని లెక్చరర్‌ని ప్రైవేటు కాలేజీ ఎన్నాళ్లు మేపుతుంది? ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. ఇంకో పని నాకు రాదు. రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు.

సంగతి వినగానే కృపానిధిగారి ముఖం వెలిగిపోయింది.

"గొంతు పోయినాదా! అయితే నా ల్యాబులోకి వచ్చీండి. బాక్టీరియాకి పాఠం సెప్పక్కర్లేదు."

ఒళ్లు మండిపోయింది. ఈయన పిచ్చికి నేను కూడా దొరికాను కదా అనుకున్నాను. నన్ను సాగనంపడానికి ఇది మొదటి మెట్టని కూడా అనుమానపడ్డాను.

అలా నా బతుకు తెల్లారింది. ల్యాబులో సీసాల్లోని క్రిములు చంపే ఆవిరి యంత్రం చెడిపోతే వాళ్లావిడ కుక్కరు తెచ్చి అందులో సీసాలు ఉడికించేవారు. రోజూ ట్యూబులు కిటికీకేసి పట్టుకుని చూసేవాళ్లం. నీలం. మర్నాడూ నీలం. నేను నీరుగారిపోయేవాణ్ణి. ఆయన మాత్రం, "నేర్సుకుంటాది మాస్టారూ. కాపలావోడికి వొక్క రోజులో వంటొచ్చీస్తాదేటి?" అనేవారు.

వేసవి సెలవుల ముందు మా చైర్మన్, రైసు మిల్లు ధనరాజ్‌గారు ప్రయోగం చూడటానికి వచ్చారు. రంగు పోతే ల్యాబూ ఉంటుంది, నేనూ ఉంటాను. పోకపోతే ఇద్దరికీ తాళమే. నాకు ఆశ ఏ కోశానా లేదు.

"ఏటయ్యా, నీలం నీలంగానే ఉన్నాది!"

"కొద్దిగా తగ్గినాదండి. ఎలుగులో సూడండి."

వెలుగులో ఇంకా నీలంగా కనిపించింది.

"తాళం ఎయ్యండి. నువ్వు కిలాసులకి ఎల్లిపో కృపానిధీ. ఈ నరసింగరావు మాస్టార్ని పంపించీండి. గొంతు నేని మాస్టారు మనకెందుకు?"

ఏదో చెప్పుకుందామని నోరు తెరిచాను. ఉత్త గాలి వచ్చింది.

కృపానిధిగారు ట్యూబు స్టాండులో పెట్టి, ఎంతో హుషారుగా, "అలాగేనండి. అయితే నేనూ మానీస్తాను" అన్నారు.

"నువ్వెందుకయ్యా?"

"మాస్టారు నేకపోతే నాకు మాత్రం ఇక్కడేటి పని? కళింగపట్నం ఎల్లి ఎండుసేపలు అమ్ముతాను. ఎన్నాళ్లనుంచో పని మార్సుకుందామనే సూస్తన్నాను."

ఇంకెవరన్నా ఆ మాటంటే ఉత్త బెదిరింపనుకునేవారు. ఈయన అనేసరికి ధనరాజ్‌గారికి ముచ్చెమటలు పోశాయి. ఈ మనిషి నిజంగానే వెళ్లి తట్ట ఎత్తుకుంటాడు! తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి మా కాలేజీలో పీహెచ్‌డీ ఉన్నది ఆయనొక్కరికే.

"ఉండవయ్యా బాబూ! గొంతు నేకుండా ఆ మాస్టారు పాఠం ఎలాగ సెప్తారు?"

"ఆయన బోర్డు మీద రాస్తారు. నేను పైకి సదువుతాను. నా గొంతు ఖాళీగానే ఉన్నాది కదండి."

ధనరాజ్‌గారు ల్యాబుకు తాళం వేయించి, నన్ను మాత్రం ఉండనిచ్చారు. జూన్‌లో సామాన్లు తెచ్చుకోవడానికి ల్యాబు తాళం తీస్తే, కిటికీలో మరిచిపోయిన రెండు ట్యూబులు కనిపించాయి. ఉత్త రంగునీళ్లది నీలంగానే ఉంది. మన కాపలావాడున్నది తెల్లబడింది.

"సూసినారా, ఈడికి సెలవులు కావలసినాయి" అన్నారు కృపానిధిగారు.

ఆ రోజే మా మొదటి క్లాసు. కాపలావాడికి వంట నేర్పడానికి అన్నాళ్లు తంటాలుపడిన మనిషి, తన గొంతును మాత్రం ఒక్క పూటలో నా మాటలు మోసే కూలీని చేసేశారు. సోములును జడ్జీని చేసింది కూడా, బస్సును కల్వర్టుకు గుద్దేసి వాడు సిగ్గుతో ఎవరికీ ముఖం చూపించలేకపోతున్న రోజుల్లోనేనని అప్పుడు గుర్తొచ్చింది.

ఆయనతో ఒకటే చిక్కు. ఏది రాస్తే అది చదివేస్తారు. నేను రాస్తున్నాను, ఆయన కంచుకంఠంతో చదువుతున్నారు. "వెనక బెంచీవాళ్లు నిద్రపోతున్నారు" అని ఆయనకోసం రాస్తే, అదీ చదివారు. "ఇది చదవకండి" అని రాస్తే, అదీ చదివారు.

గంట కొట్టే వేళకు నాకు కళ్లు చెమర్చాయి. చేతిలో సుద్దముక్క ఉంది కదా అని బోర్డు మూల చిన్నగా, "మీ మేలు ఈ జన్మలో మరిచిపోను" అని రాశాను.

కృపానిధిగారు తల తిప్పి, దాన్నీ అంతే గట్టిగా చదివారు. పిల్లలందరూ బుద్ధిగా నోట్సులో రాసుకున్నారు.

"పరీచ్చకొస్తాదేటి సార్ ఇది?" అని అడిగాడు వెనక బెంచీవాడు.