డిక్కీలోంచి దిగిన పెద్దాయన

ఒక దెయ్యానికి భయపడి, మా ఆవిడ ప్రాణంగా చూసుకున్న బండిని అమ్ముకున్న మహానుభావుణ్ణి నేను. ఎలా అమ్మానో, ఆ దెయ్యం ఎవరో చెప్తాను. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే నిరభ్యంతరంగా తిట్టండి. మా ఆవిడ విజయ ఇప్పటికే తిట్టేసింది కాబట్టి మీకు కొత్త తిట్లు మిగులుతాయో లేదో మాత్రం చెప్పలేను.

బందరులో చిలకలపూడి వైపు నాకు రోల్డ్‌గోల్డ్ నగల దుకాణం ఉంది. పొద్దున లేచింది మొదలు బంగారం కానిదాన్ని బంగారంలా మెరిపించడమే నా పని. అలాంటివాడికి బతుకులో ఒక్క వస్తువైనా అసలుది ఉండాలని కోరిక పుట్టడం సహజమే కదా. రెండేళ్ళ క్రితం ఆ కోరిక ఒక నల్లటి పెద్ద కారు రూపంలో వచ్చింది. విదేశీ కంపెనీది, సెకండ్ హ్యాండుది. దాన్ని మా వీధిలో నిలబెడితే ఎదురింటివాళ్ళకి మా ఇల్లు కనపడటం మానేసింది.

"ఒకే ఓనరండీ. పెద్దాయన. ఈమధ్యే పోయారు, ఇంట్లోవాళ్ళు అమ్మేస్తున్నారు" అన్నాడు బ్రోకరు. "ఒక్క పది నిమిషాలుంటే ఫీచర్లన్నీ చూపిస్తాను. ఇదిగో, ఈ డిక్కీ ఉంది చూశారూ..."

"ఏమయ్యా, డిక్కీ తెరవడం కూడా నేర్పుతావా నాకు?" అన్నాను. "మేం బందరువాళ్ళం. అన్నీ తెలిసే పుడతాం."

అతను నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "ఉన్నది ఒక్కటే కీ అండీ, జాగ్రత్త" అని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అది నా చొక్కా జేబు వదల్లేదు. విజయ బండి నడిపినా నేను పక్కనే కూర్చునేవాణ్ణి, కీ నా జేబులోనే ఉండేది.

మా పక్క దుకాణం శేషగిరి బావది. చుట్టరికమేమీ లేదు, ఆయన అవనిగడ్డ నుంచి వచ్చి మా బజారులో అందరికీ బావ అయిపోయాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఆయన పెదవి విరిచాడు.

"ఇంత బండికి దిష్టి తగలదటయ్యా? వెనక బంపరుకి పాత చెప్పు కట్టు. బాగా అరిగింది చూసి కట్టు."

నా తోలుచెప్పుల్లో కుడికాలిది అప్పటికే మడమ దగ్గర అట్టలా అరిగిపోయి ఉంది. దానికి నల్లతాడు వేసి బంపరు కింద సరిగ్గా మధ్యలో వేలాడదీశాను. విజయ గుమ్మంలో నిలబడి చూసింది.

"లోపల అంత మెత్తటి తోలు సీట్లు, వెనక మీ తోలు చెప్పూనా? చూడలేకపోతున్నానండీ."

"దిష్టికి అందం అక్కర్లేదు" అన్నాను.

అవి ధనుర్మాసం రోజులు. ఒకరోజు పొద్దున్నే బండి తుడుద్దామని గుడ్డ పట్టుకుని బయటికొచ్చాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురిల్లు లేదు, వీధి లేదు, బండి ముందు చక్రాలు కూడా లేవు. ఎక్కడో పాలవాడి సైకిల్ గంట వినపడి ఆగిపోయింది. బండి వెనక్కి వెళ్ళి అద్దం మీద చెయ్యి వెయ్యబోయాను.

టింగ్. టింగ్. టింగ్.

డిక్కీ తలుపు దానంతట అదే కదిలింది. నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, నా తలపైదాకా లేచి నిలబడింది. లోపల చిన్న దీపం వెలిగింది. మంచు ఆ వెలుతుర్లోకి పాకుతూ పోతోంది. లోపల ఎవరూ లేరు. అయినా ఎవరో కాళ్ళు బయటపెట్టి దిగుతారేమోనని నేను పక్కకి జరిగి దారి ఇచ్చాను.

"ఎవరండీ?" అన్నాను.

నవ్వకండి. దెయ్యాన్నైనా 'అండీ' అనకపోతే మా కృష్ణాజిల్లావాళ్ళకి నాలుక తిరగదు.

తలుపు మూసేసి ఇంట్లోకి ఎలా వచ్చిపడ్డానో నాకు గుర్తులేదు. కాఫీ తాగి, ఇంకో కాఫీ తాగి, బ్రోకరుకి ఫోన్ చేశాను.

"ఏమయ్యా, ఆ పెద్దాయన ఎలా పోయారు?"

"వయసు మీదపడి పోయారండీ, హాయిగా నిద్రలో. పాపం ఆయనకి ఒకటే సరదా. సాయంత్రమైతే బండిని నీళ్ళున్న చోటికి తోలుకెళ్ళి, డిక్కీ తెరుచుకుని, ఆ అంచు మీద కూర్చునేవారట. చీకటి పడేదాకా నీళ్ళకేసి చూస్తూ అలాగే ఉండేవారట. ఏం, ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే" అన్నాను. వెళ్ళి డిక్కీ అంచు చూశాను. మనిషి కూర్చునేంత మేర నున్నగా అరిగి ఉంది. చూడకుండా ఉంటే బాగుండేది.

విజయకి ఇదేమీ చెప్పలేదు. ఎందుకంటే ఆ బండి వచ్చాక ఆవిడ ముఖంలో ఒక కొత్త కళ వచ్చింది. బందరులో ఒక ఆఫీసులో గుమాస్తా పని తనది. ఏళ్ళ తరబడి బస్సు కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్ళొచ్చిన మనిషి, ఈ బండిలోనే డ్రైవింగు నేర్చుకుంది. ఓ ఆదివారం, "హంసలదీవిదాకా నేనే నడుపుతాను, మీరు మాట్లాడకుండా కూర్చోండి" అంది. కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. కోతలైపోయిన పొలాలు దాటాక మడ అడవి మొదలైంది. ఆ చెట్ల వేళ్ళు బురదలోంచి పైకి లేచి, మునిగిపోయినవాళ్ళ చేతివేళ్ళలా ఆకాశం వైపు చూస్తున్నాయి. ఆ రోజు ఇసుక మీద మేం తప్ప ఎవరూ లేరు. విజయ చెప్పులు విడిచి నీళ్ళ వైపు నడిచింది. నేను చల్లగాలికి చెవులు మూసుకుని బండి వెనక్కి వచ్చాను.

టింగ్. టింగ్. టింగ్.

సముద్రానికి ఎదురుగా డిక్కీ తలుపు లేచింది. దీపం వెలిగింది. ఖాళీ అంచు, దానికెదురుగా బూడిదరంగు నీళ్ళు. బండి వెనకభాగం ఎవరో కూర్చున్నట్టు కాస్త కుంగిందని నాకు అనిపించింది. అయినా మర్యాద మర్యాదే.

"కూర్చోండి పెద్దాయనగారూ, కూర్చోండి. మాకేం తొందరలేదు" అన్నాను, చేతులు కట్టుకుని.

"ఎవరితోనండీ మాటలు?" విజయ తడికాళ్ళతో వచ్చి నిలబడింది.

"ఎవరితోనూ లేదు."

"డిక్కీ ఎందుకు తెరిచారు?"

"నేను తెరవలేదు. ఓనరు తెరిచారు."

"ఓనరు మీరేగా!"

"పాత ఓనరు" అన్నాను.

అప్పుడు అంతా చెప్పేశాను. విజయ నవ్వి తలుపు మూసి స్టీరింగు ముందు కూర్చుంది. అద్దాలు దించుకుని వస్తున్నాం. గతుకు వచ్చినప్పుడల్లా వెనకనుంచి టక్, టక్ అని చప్పుడు. చేతికర్రతో ఎవరో నెమ్మదిగా తట్టినట్టుంది. విజయకి కూడా వినపడిందని నాకు తెలుసు, ఎందుకంటే అవనిగడ్డ వచ్చేదాకా ఆవిడ మళ్ళీ నవ్వలేదు.

మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను కీ తీసుకుని షెడ్డు లోపల బల్ల మీద పెట్టి, బండి చుట్టూ తిరిగి, కిందకి దూరి, పైకి లేచాడు. డిక్కీ కిక్కురుమనలేదు.

"ఏమీ లేదండీ. మీకు రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అన్నాడు.

అప్పటి నా తెలివికి అక్కడ ఒక సంగతి తట్టింది. కీ జేబులో వేసుకుని నేను వెనక్కి వెళ్తేనే తలుపు తెరుచుకుంటోంది. వేరేవాళ్ళు వెళ్తే లేదు. దీన్నిబట్టి మామూలు మనిషి ఏమనుకుంటాడు? కీ గురించి ఆలోచిస్తాడు. నేను మాత్రం పెద్దాయనకి పని నాతోనే ఉందని తేల్చుకున్నాను.

శేషగిరి బావ కూడా అదే తేల్చాడు. "దిష్టి కాదయ్యా ఇది, అంతకన్నా పెద్దది. చెప్పు మరీ పైకి ఉంది, అందుకే ఆగట్లేదు. తాడు పొడుగు చెయ్యి, నేలకి జానెడు ఎత్తులో ఊగాలి. వారానికోసారి ఉప్పునీళ్ళు చల్లు."

నేను తాడు పొడుగు చేశాను. చల్లడమెందుకని చెప్పుని బకెట్టు ఉప్పునీళ్ళలో రాత్రంతా నానబెట్టి మరీ కట్టాను. ఇక పెద్దాయన రోజూ రావడం మొదలుపెట్టారు. సముద్రపుగాలి తిరిగితే చాలు, వస్తున్నారు. దుకాణం ముందు వచ్చారు. పెట్రోలు బంకులో వచ్చారు. అవనిగడ్డ బజారులో నేను అరటిపళ్ళు బేరమాడుతుంటే వచ్చారు. ఆ రోజు డిక్కీలో నా గాజుల పెట్టెలు ఉన్నాయి. తలుపు లేచి దీపం వెలిగేసరికి నలుగురు ఆడవాళ్ళు మూగారు.

"జత ఎంతండీ?"

వణుకుతూనే అమ్మాను. వ్యాపారం వ్యాపారమే, వణుకు వణుకే.

ఇంటికొచ్చి, "బండి అమ్మేద్దాం" అన్నాను.

"ఉంచుదాం" అంది విజయ.

"పెద్దాయన దిగట్లేదు కదే!"

"దిగకపోతే ఉండనివ్వండి. డిక్కీలోనేగా కూర్చుంటున్నారు, నా సీటు అడగట్లేదుగా?" అని, గొంతు తగ్గించింది. "ఇన్నాళ్ళూ బస్సులో ఎవరి చంక కిందో నిలబడి వెళ్ళాను. ఈ బండెక్కాకే నాకు రోడ్డంతా కనపడింది. అమ్మకండి."

ఆ మాట విని మనసు కరిగింది. కానీ భయం కరగలేదు. "సరే, ఇంకొక్కసారి దానంతట అది తెరుచుకుందా, అమ్మేస్తాను. తెరుచుకోకపోతే ఉంచుతాను" అన్నాను. విజయ ఒప్పుకుంది. ఆవిడ అప్పటిదాకా ఆ తలుపు లేవడం కళ్ళారా చూడలేదు, అందుకని నా భ్రమ అనే అనుకుంటోంది.

అదే సాయంత్రం కూరగాయల సంచి తీద్దామని వెనక్కి వెళ్ళాను. విజయ అరుగు మీద నిలబడి చూస్తోంది. నేను ఇంకా చెయ్యి ఎత్తలేదు. మసకచీకట్లో టింగ్, టింగ్, టింగ్ అని తలుపు లేచింది. విజయ చెయ్యి నోటికి వెళ్ళింది. ఆ దీపం వైపే చూస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

గుడివాడలో ఒక పళ్ళ డాక్టరమ్మ కొంటానన్నారు. ఇద్దరం బండిలోనే వెళ్ళాం. దారంతా విజయే నడిపింది, చాలా నెమ్మదిగా నడిపింది. డాక్టరమ్మ ఇంట్లో సంతకాలయ్యాయి. కీ జేబులోంచి తీసి ఆవిడకి ఇచ్చేశాను. విజయ స్టీరింగు మీద చెయ్యి పెట్టి ఒకసారి నిమిరి దిగింది. నేను మటుకు బంపరు కిందకి వంగి చెప్పు విప్పుకున్నాను. అంత గట్టి దెయ్యంతో పోరాడిన చెప్పు, ముందుముందు పనికొస్తుందని నా ఆలోచన.

డాక్టరమ్మ కీ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, రెండు చేతుల్లో అట్టపెట్టెలు పట్టుకుని బండి వెనక్కి వచ్చారు. వచ్చి, బంపరు కింద గాల్లో కాలు ఒక్కసారి ఊపారు.

టింగ్. టింగ్. టింగ్.

"డాక్టరమ్మగారూ, వెనక్కి రండి! పెద్దాయన వచ్చారు!" అని అరిచాను.

"ఏ పెద్దాయనండీ?"

"తలుపు! దానంతట అదే..."

"దానంతట అదెందుకు తెరుచుకుంటుందండీ, కాలు ఊపానుగా" అన్నారావిడ. "చేతుల్లో సామాను ఉన్నప్పుడు తెరుచుకోవడానికే ఈ ఏర్పాటు. కీ మన దగ్గరుంటే చాలు, బంపరు కింద కాలు ఊపితే తెరుచుకుంటుంది. ఇన్నాళ్ళూ వాడారు, మీకు తెలీదా?"

నా చేతిలో పొడుగు నల్లతాడు ఉంది. తాడు చివర నా కుడికాలి చెప్పు ఉప్పునీళ్ళ తడితో గాలికి అటూ ఇటూ ఊగుతోంది. విజయ ముందు డాక్టరమ్మ కాలు చూసింది. తర్వాత ఆ చెప్పు చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

గాలికి ఊగిన నా చెప్పుని ఆ బండి నా కాలే అనుకుంది. కీ జేబులో పెట్టుకుని యజమాని కాలు ఊపుతున్నాడు కదా అని, పాపం, ఊపినప్పుడల్లా తలుపు తెరిచింది. చెప్పు కిందకి దించి, తడిపి, మరింత బాగా ఊగేలా చేసి, చెప్పిన మాట వినే బండిని నేనే అమ్మేశాను.

"డాక్టరమ్మగారూ, ఆ సంతకాలు..." అన్నాను.

"అయిపోయాయిగా."

"పోనీ మళ్ళీ మాకే అమ్ముతారా?"

"ఇంత చక్కగా పనిచేస్తుంటే ఎందుకమ్ముతానండీ?" అని ఆవిడ డిక్కీ మూశారు.

బందరు బస్సులో సీట్లు లేవు. విజయ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడింది. పెడన దాటాక నా వైపు తిరిగింది.

"హంసలదీవిలో మీరు చేతులు కట్టుకుని 'కూర్చోండి' అన్నది ఎవరినో తెలిసిందా?" అంది.

"తెలిసింది."

"ఎవరినీ?"

"నా చెప్పుని."

బస్సులో సగంమంది మా వైపు తిరిగారు. విజయ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముఖం అవతలికి తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను పుట్టి బుద్ధెరిగాక అంతగా సిగ్గుపడింది ఆ ఒక్కసారే.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఆ కుడికాలి చెప్పు మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా ఇంటికి ఏ బండి వచ్చినా దానికి చెప్పు కట్టను. బ్రోకరు నోరు తెరిస్తే నా నోరు మూసుకుంటాను. ఏ తలుపు దానంతట అది తెరుచుకున్నా, ముందు నా కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకుంటాను. ఉంచాలా అమ్మాలా అన్నది విజయ చెప్తుంది, నేను తలూపుతాను.

బండి మాత్రం ఇంతవరకు రాలేదు. చెప్పుని విజయ మా అరుగు మీద మేకుకి తగిలించింది, తియ్యనివ్వదు. సాయంత్రం సముద్రపుగాలి తిరిగి అది గోడకేసి టక్, టక్ అని కొట్టుకున్నప్పుడల్లా, "ఏవండీ, పెద్దాయన వచ్చారు" అని వంటింట్లోంచి కేకేస్తుంది.

నేను లేచి వెళ్ళి కుర్చీ వేస్తాను.