ఓడిపోయి గంతులేసిన రోజు

దగ్గరికి జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి తగిలేలా ఇటు రండి. మా తమ్ముడి సంగతి చెప్తాను.

మా తమ్ముడు ఇక్కడ సూరత్‌లోనే, ఆల్థాన్ వైపు ఒక కాలేజీలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. మా ఇంట్లో మరమగ్గాల పనికి పోని మగవాడు వాడొక్కడే. పోయినేడు వాడి జట్టు ఆడిన ప్రతి మ్యాచ్ గెలిచింది. ప్రిన్సిపాల్ సారు పిలిచి దండ వేశాడు. అన్నీ గెలిచారు కదా అని ఈ ఏడు వాళ్లను పై గ్రూపులోకి ఎక్కించారు. అక్కడున్నవన్నీ పేరుమోసిన జట్లే. ఇంకేముంది, ఓటమి మీద ఓటమి. ఆఖరి మ్యాచ్ కూడా పోతే కొత్త కోచ్‌ను చూసుకుంటామని సారు తేల్చి చెప్పాడట.

మా ఆయన ఇక్కడే ఉన్ అనే పేటలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మేం అలాగే అంటాం. అన్నం దగ్గర కూడా మా తమ్ముణ్ణి వదల్లేదు.

“పోయినేడు భుజాల మీద ఊరేగినవ్, ఈయేడు తలకాయ దించుకొని వస్తున్నవ్. ఏందిరా బామ్మర్దీ, పని మర్సిపోయినవా?”

“గప్పుడు ఎవల్తోని ఆడినం, ఇప్పుడు ఎవల్తోని ఆడుతున్నం, జర సూడు బావా!”

“గెలుపంటే గెలుపేరా. సేఠ్‌తోని మాట్లాడిన. సాంచా ఖాళీగుంది, వచ్చెయ్.”

తమ్ముడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది.

“మీ కార్ఖానల ఎవనికన్న బట్ట తక్కువ దిగితే ఏంజేస్తరు? తిడ్తరా?”

“తిట్టుడెందుకే? ముందుగాల వాని సాంచా మీది నూలు పట్టి సూస్తం. పోగులు తెగే నూలైతే వాడేం జేస్తడు?”

“మరి నా తమ్ముని నూలు పట్టి సూసినవా?”

ఆయన పప్పు వడ్డించుకున్నాడు. కానీ ఆఖరి మ్యాచ్ రోజు పని మానుకుని, నాకంటే ముందే చెప్పులు వేసుకున్నాడు!

ఎదుటి జట్టు ఆ గ్రూపులో అందరినీ చితక్కొట్టిన జట్టు. ప్రిన్సిపాల్ సారు కూడా వచ్చి మా ముందు వరసలో కూర్చున్నాడు. విరామం కాకముందే మనవాళ్ల మీద రెండు గోల్స్ పడ్డాయి. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. విరామం తర్వాత మనవాళ్లు ఒకటి కొట్టారు. అక్కణ్ణుంచి చూడాలి! ఆ పెద్ద జట్టు పిల్లలు బంతి దొరికితే చాలు, గీత అవతలికి తన్నేస్తున్నారు. ఒకడైతే ఎవరూ తాకకుండానే కాలు పట్టుకుని దొర్లాడు.

మా ఆయన ఒక్కసారిగా లేచాడు. “అరే, వీళ్లు కావాల్నని టైం పాడుజేస్తున్రు! మనోళ్లను సూసి భయపడ్తున్రే!”

సారు కూడా కుర్చీలోంచి లేచాడు. మనవాడు తన్నిన బంతి గోల్ కర్రకు ఠంగున తగిలి వెనక్కి వచ్చింది. విజిల్ పడింది. ఓడిపోయాం.

అయినా మా ఆయన మైదానంలోకి ఉరికి, తమ్ముణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. మన పిల్లలు చుట్టూ గంతులేస్తుంటే, గెలిచినవాళ్లు బిత్తరపోయి చూశారు. అంతలో సారు మా వైపు నడిచి వచ్చాడు. మా గంతులు ఆగిపోయాయి.

సారు హిందీలో అన్న మాట మీకు తెలుగులో చెప్తాను. “పోయినేడు అన్నీ గెలిచారని కాగితం మీద చూసి దండ వేశాను. ఆట చూడటం ఇదే మొదటిసారి. ఇంత పెద్ద జట్టు మన ముందు దాక్కుంది. వచ్చే ఏడూ మీరే కోచ్, మాస్టర్.”

తమ్ముడు నన్ను పట్టుకుని బొటబొటా కన్నీళ్లు కార్చాడు.

“ఏడ్వకురా!” అన్నాడు మా ఆయన. “సూసినోళ్లు మనం ఓడిపోయినమనుకుంటరు!”

మీ పిల్లలకు కూడా వాళ్ల పాట్లు దగ్గరికొచ్చి చూసే మనుషులు దొరకాలి. మీ ఇల్లు ఎప్పుడూ ఇలాంటి కేకలతో, నవ్వులతో కళకళలాడాలి. మీ పొయ్యి చల్లారకుండా, మీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ.